సీటొచ్చింది సరే.. చేరాలా? వద్దా?

* ఐఐటీ, ఎన్‌ఐటీ, బాసర.. గ్రామీణ కుటుంబాల ఎదుట కఠిన ప్రశ్న
* పేరొక్కటే చాలదు.. బ్రాంచి, ఖర్చుల లెక్క తేలాలి
* ధ్రువపత్రాల్లో జాప్యం జరిగితే అవకాశానికే ఎసరు

కోటగిరి: వానాకాలం సాగుకు నారుమడులు సిద్ధమయ్యే జూన్ నెలలోనే ఇంజినీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ కూడా మొదలవుతుంది. ఒకవైపు విత్తనాలు, ఎరువులు, దుక్కుల ఖర్చు.. మరోవైపు కుమారుడికో, కుమార్తెకో వచ్చిన సీటును నిలబెట్టుకోవడానికి రోజుల వ్యవధిలో చెల్లించాల్సిన రుసుము. నిజాంసాగర్ కాలువల కింద వరి పండించే కోటగిరి, వర్ని, రుద్రూర్, బాన్సువాడ ప్రాంతాల కుటుంబాలకు ఈ రెండు లెక్కలూ ఒకేసారి ఎదురవుతాయి. పేరు మోసిన విద్యాసంస్థలో సీటు రావడం అదృష్టమని ఊరంతా అంటుంది. చేరాలా, వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆ ఇంటివారే తీసుకోవాలి. ఆ నిర్ణయానికి ముందు ఏమేం తెలుసుకోవాలో వివరించే కథనమిది.

అడిగింది ఐఐటీ.. వచ్చింది ట్రిపుల్‌ ఐటీ

ఉన్నత సాంకేతిక విద్య ఈ ప్రాంతానికి కొత్త మాట కాదు. గోదావరి తీరాన సరస్వతీ క్షేత్రమైన బాసరలో ఐఐటీ నెలకొల్పాలన్న డిమాండు 2000 దశకంలో బలంగా వినిపించింది. ఐఐటీ శిక్షణకు పేరొందిన విద్యావేత్త చుక్కా రామయ్య వంటి వారు దానికి గొంతు కలిపారు. చివరకు 2008లో ఐఐటీ నాటి మెదక్ జిల్లాకు వెళ్లింది. అదే నేడు సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్. బాసరకు అదే ఏడాది రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం దక్కింది. ఉమ్మడి రాష్ట్రంలో నూజివీడు, ఇడుపులపాయలతో పాటు ఏర్పాటైన మూడు ప్రాంగణాల్లో ఇదొకటి.

జనం దీనిని బాసర ట్రిపుల్‌ ఐటీ అని పిలుస్తారు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో 1998లో ప్రారంభమైన ట్రిపుల్‌ ఐటీ వేరు, ఇది వేరు. ప్రవేశ విధానం, బోధన కాలం, రుసుములు దేనికవే. పేరులోని పోలికను చూసి ఒకదాని గురించి విన్న మాటను మరొకదానికి అన్వయించుకోరాదు.

పదో తరగతి తర్వాతే తొలి మలుపు

బాసరలో ప్రవేశానికి జేఈఈ అవసరం లేదు. పదో తరగతి ఫలితాల ఆధారంగానే ఎంపిక జరుగుతుంది. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన వారికి అదనపు వెయిటేజీ ఇవ్వడం ఈ విశ్వవిద్యాలయం ప్రత్యేకత. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి మొత్తం ఆరేళ్ల చదువు, వసతి అక్కడే. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివి, నగరంలో శిక్షణకు లక్షలు వెచ్చించలేని కుటుంబానికి ఇది దగ్గరి దారి.

అయితే ఈ నిర్ణయం పదిహేనేళ్ల వయసులో తీసుకోవాల్సి వస్తుంది. ఆరేళ్ల కోర్సులో చేరడమంటే ఇంజినీరింగే చదవాలని అప్పుడే తేల్చుకున్నట్లు. వైద్యం, న్యాయశాస్త్రం, వ్యవసాయం వైపు మనసున్న విద్యార్థి సీటు వచ్చిందన్న కారణంతో చేరితే రెండేళ్లకే ఇబ్బంది మొదలవుతుంది. ప్రాంగణంలో వసతుల తీరునూ ముందే చూసుకోవాలి. శాశ్వత ఉపకులపతి నియామకం, మెరుగైన సౌకర్యాలు కోరుతూ 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వారం రోజుల పాటు శాంతియుతంగా బైఠాయించారు. ఆ ఆందోళన రాష్ట్రవ్యాప్తంగా చర్చకు వచ్చింది. దరఖాస్తుకు ముందే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి, వసతిగృహం, భోజనశాల, తరగతి గదులు చూసి, అక్కడ చదువుతున్న సీనియర్లతో మాట్లాడటం ఉత్తమం. ఇంత దగ్గరి సంస్థను చూడకుండానే నిర్ణయించుకోవడం సరికాదు.

ఇంటర్ తర్వాత దారులివీ..

ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివిన వారికి రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది జేఈఈ. మెయిన్ పరీక్ష ఏటా రెండు విడతల్లో జరుగుతుంది. 2021 నుంచి దీనిని తెలుగులోనూ రాసే వీలు కల్పించారు. ఇందులో మెరుగైన ప్రతిభ చూపిన రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే అర్హత లభిస్తుంది. అడ్వాన్స్‌డ్ ప్రశ్నపత్రం మాత్రం ఆంగ్లం, హిందీల్లోనే ఉంటుంది. మెయిన్ ర్యాంకుతో ఎన్‌ఐటీలు, అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో ఐఐటీలు దక్కుతాయి. ఈ రెండింటికీ జోసా పేరిట ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంటుంది.

పోటీ ఎంత తీవ్రమో 2025 లెక్కలు చెబుతాయి. ఆ ఏడాది 1,80,422 మంది అడ్వాన్స్‌డ్ రాయగా 54,378 మంది అర్హత సాధించారు. దేశంలోని 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 18,160. అంటే అర్హత పొందిన ముగ్గురిలో ఒకరికే సీటు. ర్యాంకు వచ్చినా సీటు రాలేదంటే విద్యార్థి లోపమని భావించనక్కర్లేదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలే నేటి వరంగల్ ఎన్‌ఐటీ. తెలంగాణ విద్యార్థులకు ఈ కోటా అక్కడ ఉపకరిస్తుంది.

రెండో మార్గం రాష్ట్ర ప్రభుత్వం నిర్వహించే ఎప్‌సెట్. 2023 వరకు దీనిని ఎంసెట్ అనేవారు. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల, జేఎన్‌టీయూ ప్రాంగణ కళాశాలలతో పాటు ప్రైవేటు కళాశాలలన్నీ దీని పరిధిలోకి వస్తాయి.

పేరు గొప్పదా? బ్రాంచి గొప్పదా?

కౌన్సెలింగ్ వేళ ఇళ్లలో ఎక్కువగా సాగే వాదన ఇదే. దూరాన ఉన్న కొత్త ఐఐటీలో సివిల్, మెటలర్జీ వంటి బ్రాంచి వస్తుంది. హైదరాబాద్‌లోని ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ సైన్స్ వస్తుంది. ఏది ఎంచుకోవాలి?

దీనికి అందరికీ వర్తించే జవాబు లేదు. ఐఐటీలో బోధన, ప్రయోగశాలలు, తోటి విద్యార్థుల స్థాయి, దేశవ్యాప్త పరిచయాలు జీవితాంతం పనికొస్తాయి. అయితే చేరితే చాలు కొలువు ఖాయమన్న నమ్మకానికి ఇప్పుడు ఆధారం తగ్గింది. 2021-22తో పోలిస్తే 2023-24లో ఐఐటీల్లో ప్రాంగణ నియామకాలు తగ్గాయని పార్లమెంటు విద్యా స్థాయీ సంఘం 2025లో సమర్పించిన నివేదికలో పేర్కొంది. మొదటి ఏడాది తర్వాత బ్రాంచి మార్చుకోవచ్చన్న ఆశతో చేరేవారూ జాగ్రత్త పడాలి. విద్యార్థులపై ఒత్తిడి పెరుగుతోందన్న కారణంతో ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని ఐఐటీలు ఈ వెసులుబాటును ఎత్తివేశాయి. కాబట్టి ఏ బ్రాంచిలో చేరుతున్నారో, నాలుగేళ్లూ అదే చదవాల్సి ఉంటుందని భావించే చేరాలి.

అలాగని కంప్యూటర్ సైన్స్ తప్ప మిగిలినవి దండగ అన్న చిన్నచూపు కూడా తగదు. ఈ ప్రాంతం పచ్చగా ఉండటానికి కారణమైన నిజాంసాగర్ సివిల్ ఇంజినీరింగ్ ఫలమే. 1923లో మొదలై 1931 నాటికి పూర్తయిన ఈ ప్రాజెక్టు వెనుక ఉన్న ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. హైదరాబాద్ సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో ఆయన 1896లో ఇంగ్లాండులోని కూపర్స్ హిల్ ఇంజినీరింగ్ కళాశాలలో చేరారు. ఆ రోజుల్లో అంతకు మించిన కళాశాలలు అరుదు. ఆయన జన్మదినమైన జులై 11ను తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. ఒకరికి దొరికిన చదువు వేల కుటుంబాలకు నీరై పారింది. ఆ చదువుకు దారి చూపింది ఉపకార వేతనమేనన్నది కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఎంత అవుతుంది? ఎంత తగ్గుతుంది?

ఐఐటీల్లో బీటెక్ బోధన రుసుమును 2016లో ఏడాదికి రూ.2 లక్షలుగా నిర్ణయించారు. నాలుగేళ్లకు రూ.8 లక్షలు. ఈ అంకె వినగానే వెనక్కి తగ్గే కుటుంబాలున్నాయి. కానీ అందరూ ఇంత కట్టనవసరం లేదు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు బోధన రుసుము పూర్తిగా మినహాయిస్తారు. కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉంటే ఏ వర్గం వారికైనా పూర్తి మినహాయింపు వర్తిస్తుంది. లక్ష నుంచి రూ.5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గిస్తారు. అంటే ఏడాదికి సుమారు రూ.66,700, నాలుగేళ్లకు రూ.2.67 లక్షలు చెల్లిస్తే సరిపోతుంది. ఎన్‌ఐటీల్లో రూ.1.25 లక్షల బోధన రుసుముకు ఇదే పద్ధతి పాటిస్తారు. అక్కడ మూడో వంతు అంటే ఏడాదికి సుమారు రూ.41,700.

మినహాయింపు బోధన రుసుముకు మాత్రమే. వసతిగృహం, భోజనం, ప్రవేశ సమయంలో కట్టే డిపాజిట్లు, ల్యాప్‌టాప్, రాకపోకల రైలు ఛార్జీలు వేరు. చాలా ఇళ్లలో లెక్క తప్పేది ఇక్కడే. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఒక తండాకు చెందిన గిరిజన విద్యార్థినికి 2024లో పట్నా ఐఐటీలో సీటు వచ్చింది. ఫీజులు, ఇతర ఖర్చులకు డబ్బు లేక ఆమె మేకలు కాస్తూ ఎదురుచూడాల్సి వచ్చింది. విషయం పత్రికల్లో రావడంతో రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సాయం అందించింది. ప్రతి ఇంటి కష్టమూ పత్రికలకెక్కదు. అందుకే సంస్థ వెబ్‌సైట్‌లో ఉండే రుసుముల పట్టికను తీసుకుని, మినహాయింపు పోగా మొదటి సెమిస్టరుకు చేతిలో ఎంత ఉండాలో ముందే కాగితంపై రాసుకోవాలి.

ఎప్‌సెట్ ద్వారా చేరేవారికి బోధన రుసుముల రీయింబర్స్‌మెంట్ ఉంది. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి రుసుము, ఆదాయ పరిమితికి లోబడిన బీసీ, ఈబీసీ వర్గాల్లో 10 వేల లోపు ర్యాంకు వచ్చిన వారికి పూర్తి రుసుము, ఆపై ర్యాంకు వారికి రూ.35 వేల వరకు చెల్లించే నిబంధన కొన్నేళ్లుగా అమలవుతూ వచ్చింది. ప్రవేశాల ఏడాది వెలువడే ఉత్తర్వులను సరిచూసుకోవాలి. కళాశాల అసలు రుసుము లక్ష దాటితే మిగిలిన మొత్తం తల్లిదండ్రులదే. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదంటూ 2025లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బంద్‌కు దిగిన సంగతీ తెలిసిందే. మినహాయింపులన్నీ లెక్క వేస్తే కొందరికి ఐఐటీ కంటే ప్రైవేటు కళాశాలే ఖరీదవుతుంది. ఈ పోలిక చేయకుండానే 'మనకు ఐఐటీ ఎక్కడ భరించగలం' అనుకోవడం పొరపాటు.

అప్పు చేయాలంటే..

వడ్డీ వ్యాపారి గడప తొక్కే ముందు బ్యాంకును సంప్రదించాలి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 6న ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన ప్రముఖ సంస్థల్లో సీటు పొందిన వారికి తాకట్టు, హామీదారు లేకుండానే రుణం ఇస్తారు. రూ.7.5 లక్షల వరకు రుణాలకు కేంద్రం 75 శాతం పూచీ ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉన్నవారికి రూ.10 లక్షల వరకు రుణంపై చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం రాయితీ లభిస్తుంది. రూ.4.5 లక్షల లోపు ఆదాయం ఉండి సాంకేతిక కోర్సులు చదివేవారికి ఆ కాలానికి పూర్తి వడ్డీ రాయితీ ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేసుకోవాలి. తాము చేరబోయే సంస్థ పథకం జాబితాలో ఉందో లేదో మొదట చూసుకోవాలి. భూమి అమ్మడం, పాసుపుస్తకం తాకట్టు పెట్టడం మొదటి మార్గం కారాదు.

నిమిషాల తేడాతో..

గడువు విషయంలో కౌన్సెలింగ్ వ్యవస్థ కనికరం చూపదు. 2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దినసరి కూలీ కుమారుడికి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. కట్టాల్సింది రూ.17,500. జూన్ 24 సాయంత్రం 5 గంటల గడువులోగా ఆ కుటుంబం సొమ్ము సమకూర్చుకుని చెల్లించలేకపోయింది. సీటు పోయింది. ఆ దళిత విద్యార్థి కోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న విశేషాధికారాన్ని వినియోగించి, అదనపు సీటు సృష్టించి చేర్చుకోవాలని సర్వోన్నత న్యాయస్థానం సెప్టెంబరు 30న ఆదేశించింది. న్యాయం దక్కింది కానీ మూడు నెలలకు పైగా గడిచిపోయాయి. అందరికీ ఢిల్లీ దాకా వెళ్లే శక్తి ఉండదు.

సీటు కేటాయింపు వెలువడక ముందే అంగీకార రుసుమును బ్యాంకు ఖాతాలో సిద్ధంగా ఉంచుకోవాలి. చివరి గంట వరకు ఆగకుండా ఒక రోజు ముందే చెల్లించాలి. యాసంగి ధాన్యం సొమ్ము ఖాతాలో పడే తేదీని నమ్ముకుని గడువును చూస్తూ కూర్చోరాదు.

ఈ పత్రాలు సిద్ధమేనా?

* ఓబీసీ ధ్రువపత్రం: రాష్ట్రంలో వాడే బీసీ కుల ధ్రువపత్రం జోసా కౌన్సెలింగ్‌కు పనికిరాదు. కేంద్ర నమూనాలో క్రీమీలేయర్‌కు చెందరని తెలిపే పత్రం కావాలి. అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినదై ఉండాలి. రాష్ట్ర జాబితాలో బీసీలుగా ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ముందే చూసుకోవాలి.
* ఈడబ్ల్యూఎస్ పత్రం: దీనికీ ఏప్రిల్ 1 నిబంధనే వర్తిస్తుంది.
* ఆదాయ ధ్రువపత్రం: రుసుము మినహాయింపు, విద్యారుణం, ఉపకార వేతనం.. మూడింటికీ ఇదే ఆధారం.
* పేర్లు: పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రాల్లో విద్యార్థి, తండ్రి పేర్లు ఒకేలా ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పరిశీలనలో ఆటంకం ఎదురవుతుంది.

ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలో దరఖాస్తు చేసి, తహసీల్దారు కార్యాలయం నుంచి పత్రాలు పొందితే జూన్‌లో పరుగులు తీయాల్సిన పని ఉండదు.

చేరడం ఒక ఎత్తు.. నిలవడం మరో ఎత్తు

2023 వరకు గడచిన ఐదేళ్లలో ఐఐటీల నుంచి 2,066 మంది ఓబీసీ, 1,068 మంది ఎస్సీ, 408 మంది ఎస్టీ విద్యార్థులు మధ్యలో వైదొలగినట్లు కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపింది. వీరిలో వేరే కోర్సులకు, సంస్థలకు మారిన వారూ ఉంటారు. అయినా ఈ సంఖ్యలు ఆలోచింపజేసేవే. ఊళ్లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి, దేశంలోని మొదటి ర్యాంకుల వారి మధ్య కూర్చున్నప్పుడు తొలి సెమిస్టరులో మార్కులు తగ్గడం సహజం. ఆంగ్లంలో సాగే వేగవంతమైన బోధన, ఇంటి బెంగ, ఇతరులతో పోల్చుకోవడం.. ఇవన్నీ కలిసి కుంగదీస్తాయి.

ఇలాంటి వేళ తల్లిదండ్రుల మాట కీలకం. 'ఇంత ఖర్చు పెట్టాం' అన్న మాట పదేపదే అనడం కంటే 'ఎలా ఉన్నావు' అని అడగడం మేలు. సంస్థలో కౌన్సెలింగ్ కేంద్రం, అధ్యాపక సలహాదారు, తెలుగు విద్యార్థుల బృందాలు ఉన్నాయేమో చేరిన వారంలోనే తెలుసుకోవాలి. ఒక సబ్జెక్టు తప్పితే మళ్లీ రాసుకోవచ్చని, సాయం అడగడం అవమానం కాదని పిల్లలకు ముందే చెప్పి పంపాలి.

ఆడపిల్లను అంత దూరమా?

కుమారుడికి సీటు వస్తే ఖర్చు గురించి ఆలోచించే ఇల్లు, కుమార్తెకు వస్తే దూరం గురించి ఆలోచిస్తుంది. 2016లో ఐఐటీల్లో చేరిన వారిలో బాలికలు దాదాపు 8 శాతమే. దీనిని సరిదిద్దడానికి 2018 నుంచి బాలికలకు అదనపు సీట్లు సృష్టించి, వారి వాటాను 20 శాతానికి పెంచారు. ఈ సీట్లతో బాలురకు ఉన్నవి తగ్గవు. కాబట్టి అదే ర్యాంకుతో బాలికకు మెరుగైన సంస్థ, మెరుగైన బ్రాంచి దక్కే వీలుంది. వసతి ప్రాంగణంలోనే ఉంటుంది. రోజూ బస్సెక్కి పట్టణ కళాశాలకు వెళ్లిరావడం కంటే ఇది అనేక విధాల సురక్షితం. దూరమన్న ఒక్క కారణంతో బాలిక సీటు వదులుకునే ముందు తల్లిదండ్రులు ఒకసారి ఆ ప్రాంగణాన్ని చూసి రావాలి.

వదులుకుంటే అంతా పోయినట్లేనా?

కాదు. అయితే నిబంధనలు తెలిసి వదులుకోవాలి. జోసాలో ఐఐటీ సీటును అంగీకరించి కొనసాగిన వారు మరుసటి ఏడాది అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హులు కారు. మళ్లీ రాయాలనుకునేవారు ఆఖరి విడతకు ముందే సీటును ఉపసంహరించుకోవాలి. అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయవచ్చన్నదీ మరువరాదు. వచ్చిన సీటు కంటే మెరుగైనది కావాలనుకునేవారు ఫ్లోట్ ఎంచుకుంటే తర్వాతి విడతల్లో పై ప్రాధాన్యానికి మారే అవకాశం ఉంటుంది. అదే సంస్థలో మెరుగైన బ్రాంచి చాలనుకుంటే స్లైడ్, ఉన్నదానితో తృప్తి చెందితే ఫ్రీజ్.

నాలుగేళ్ల తర్వాత గేట్ రాసి ఐఐటీల్లో ఎంటెక్ చేరే ద్వారం తెరిచే ఉంటుంది. గేట్ ద్వారా చేరిన వారికి నెలకు రూ.12,400 ఉపకార వేతనం లభిస్తుంది. రాష్ట్ర కళాశాలలో శ్రద్ధగా చదివిన విద్యార్థి ఈ దారిలో ఐఐటీ గడప తొక్కవచ్చు. మన చెంతనే రుద్రూర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఆహార సాంకేతిక కళాశాల ఉంది. వరి, చెరకు పండే నేలపై పుట్టిన విద్యార్థికి ఆహార శుద్ధి రంగంలో బీటెక్ చదివే వీలు ఇంత దగ్గరలో ఉన్నా చాలా ఇళ్లలో దాని ప్రస్తావనే రాదు.

తేల్చుకోవాల్సింది రెండే

కౌన్సెలింగ్‌కు ముందు రోజు రాత్రి కాక, పరీక్షల ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని రెండు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగం గందరగోళం తీరుతుంది. వచ్చే బ్రాంచిని నాలుగేళ్లు చదవడానికి విద్యార్థికి మనస్ఫూర్తిగా ఇష్టముందా? మినహాయింపులు, రుణం పోగా మిగిలే ఖర్చును భూమి అమ్మకుండా భరించగలమా? రెండింటికీ ఔనని జవాబు వస్తే దూరానికో, ఆంగ్లానికో, ఎవరో అన్న మాటకో భయపడి సీటు వదులుకోరాదు. ఏ ఒక్కదానికి కాదని వచ్చినా, ఊళ్లో పేరు కోసమని చేరరాదు. ఈ జవాబు చెప్పాల్సింది బంధువులు, శిక్షణ కేంద్రాలు కాదు. చదవబోయే విద్యార్థి, ఖర్చు భరించబోయే తల్లిదండ్రులు మాత్రమే.